చీపురుపల్లి వచ్చేలోగా

ఎక్కడో రాసింది. రాసిన మాట నిజం, అందులో అనుమానం లేదు, ఎటొచ్చీ ఎక్కడ రాసిందో అదే గుర్తు రావడం లేదు. పలాస ప్యాసింజరు విజయనగరం స్టేషన్లో ఇంకా కదలనేలేదు, ఈశ్వరి మాత్రం కిటికీ పక్కన తన సీటులో కూర్చున్న క్షణం నుంచీ ఫోను మీద వేలు పెట్టి ఇటు నుంచి అటు తోస్తోంది, అటు నుంచి ఇటు తోస్తోంది, ఎటు తోసినా రంగురంగుల బొమ్మలే, ఒకదాని మీద టిక్కు, ఒకదాని మీద ఈక, ఒకదాని మీద మెదడు, ఒకదాని మీద చెట్టు. ఈ యాప్‌లలో ఏదో ఒకదాని కడుపులో జగదక్క గురించి రాసిన నాలుగు ముక్కలు ఉన్నాయి. చీపురుపల్లిలో, రోజూ ఇదే బోగీలో వచ్చే రేఖ పూలదండ పట్టుకుని ఎక్కుతుంది, రేఖ ఎక్కిందంటే ఆఖరి సీజను మొదలైపోయినట్టే, అప్పుడు ఈశ్వరి అందరి ముందూ నిలబడి ఆ నాలుగు ముక్కలూ చదవాలి. అంటే చీపురుపల్లి వచ్చేలోగా అవి దొరకాలి. దొరక్కపోతే ఏమవుతుందో ఆలోచించడానికి ఆమెకి మనసొప్పలేదు, వేలు మాత్రం తోస్తూనే ఉంది.

ఈ బండిలో సీజన్ టిక్కెట్టు మీద రోజూ శ్రీకాకుళం వెళ్ళొచ్చే ఆడవాళ్ళది ఒక వింత ఆనవాయితీ. ఎవరు రిటైరవుతున్నా ఆఖరి రోజు పొద్దుటి బండిలోనే సాగనంపుతారు. సాయంత్రం దాకా ఆగితే ఆఫీసు వాళ్ళు శాలువా కప్పి కారెక్కించేస్తారు, మనిషి మనకి దొరకదు. ఆ రోజు ఆవిడ క్యారేజీ తెచ్చుకోకూడదు. ఇన్నేళ్ళూ ఆవిడ క్యారేజీలో చెయ్యి పెట్టినవాళ్ళంతా తలో గిన్నె మోసుకొచ్చి ఆవిడకి పెట్టాలి. ఆ తర్వాత ఎవరో ఒకరు ఆవిడ గురించి రాసుకొచ్చింది చదవాలి, ఏం రాశారో ఆవిడకి ముందు తెలియకూడదు. ఆఖరి సీజను అంటే అదీ. జగదక్క, అంటే కాగితాల మీద జగదీశ్వరి, శ్రీకాకుళంలో ఒక పెద్దాఫీసులో సూపరింటెండెంటు, ఈ బోగీకి మాత్రం కలెక్టరు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరు కాళ్ళు ముడుచుకోవాలో చెప్పే మనిషి, తనకెవరు చదవాలో కూడా నెల ముందే తేల్చిపారేసింది. "నాకు ఈశ్వరే రాయాల. మరొకర్తి రాస్తే ఆ రోజు నాను బస్సు మీద ఎల్లిపోతాను" అంది. ఈశ్వరి పొంగిపోయింది. పొంగిపోయి ఆ పూటే ఫోనులోకి ఒక కొత్త యాప్ దించుకుంది. అదీ ఆమె తత్వం. పెళ్ళి భోజనానికి పిలిస్తే ఎవరైనా చీర చూసుకుంటారు, రాయమని అడిగితే ఈశ్వరి యాప్ చూసుకుంటుంది.

బండి కదిలింది. రాత్రి వాన పడినట్టుంది, పట్టాల పక్క మడుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి, నాట్లు వేసిన చోట పచ్చగా, వేయని చోట ఎర్రగా, బురద వాసన బోగీలోకి వచ్చి టిఫిన్ డబ్బాల వాసనలో కలిసిపోతోంది. నెల్లిమర్లలో జగదక్క ఎక్కింది. చేతిలో క్యారేజీ సంచి లేదు. సంచి లేని చెయ్యిని ఏం చేసుకోవాలో తెలియనట్టు కొంగు పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంది. ఆకుపచ్చ చీర, మడతలింకా విప్పుకోని కొత్తది, తల్లో కనకాంబరాలు. వచ్చి ఈశ్వరి పక్కన కూలబడి ఊపిరి తీసుకుని, ఫోనులోకి తొంగిచూసింది.

"ఏటే, పొద్దున్నే అంత దీచ్చగా సూస్తన్నావు అందులో?"

"ఏం లేదక్కా."

"నా గురించేనేటి?"

"చీపురుపల్లి దాటాక చూద్దువుగాని."

జగదక్క మొహం అటు తిప్పుకుంది, నవ్వు దాచుకోడానికే అని ఈశ్వరికి తెలుసు. అలా ఎటో చూస్తూనే, "మరీ పొగిడీకు. మా కోడలికి సెప్పీసినాను, నా మీద ఒకర్తి రాసింది, తెచ్చి సదివి ఇనిపిస్తానని. ఇన్నేళ్ళూ నాను ఆపీసులో కాగితాలు మడతెడతాననుకుంటంది అది" అంది. ఇంట్లో కూడా చెప్పేసింది. ఈశ్వరి ఫోను కొంచెం అటు తిప్పి పట్టుకుని మళ్ళీ వెతుకులాటలో పడింది.

టిక్కు బొమ్మది తెరిచింది. తెరుచుకోలేదు, తెల్లగా అయి, గిర్రున ఒక చక్రం తిరిగి, మూసుకుపోయింది. ఈక బొమ్మది కూడా అంతే. స్థలం లేదు, కొన్ని తొలగించండి అని ఫోను మర్యాదగానే చెప్పింది. ఎన్నాళ్ళ నుంచో చెబుతోంది పాపం, ఈశ్వరే వినిపించుకోలేదు, ఇప్పుడు వినక తప్పదు. ఒకటి పోతే గాని ఒకటి తెరుచుకోదు. సరే, పనుల యాప్‌లే మూడున్నాయి కదా, ఒకటి ఇంటి పనులకి, ఒకటి బడి పనులకి, మూడోది ఆ రెండూ చూసుకోవడం మర్చిపోకుండా. ఆమె మొగుడు తిరుమలరావు మాటలు తక్కువ మనిషి, ఆ మూడోదాన్ని చూసిన రోజు మాత్రం, ఉప్పు డబ్బా ఎక్కడుందో గుర్తుండడానికి ఇంకో డబ్బా కొన్నావన్నమాట అన్నాడు. అప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడు నవ్వొస్తోంది. బొమ్మ మీద వేలు నొక్కిపట్టింది. తొలగించమంటారా అంది. తొలగించు. పోయింది. ఇంతేనా అనిపించింది, ఆకాశం ఊడిపడలేదు, బండి ఆగలేదు, పాలమ్మాయి రేపూ వస్తుంది, బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు రేపూ అల్లరి చేస్తారు. రెండోదీ తీసింది. మూడోదీ తీసింది. వేలికి కొంచెం రుచి తగిలింది.

మెదడు బొమ్మది ఇప్పుడు తెరుచుకుంది. దాన్ని కూతురు చరిత దించిపెట్టింది, ఇది నీకు రెండో మెదడమ్మా, చదివినవీ విన్నవీ చూసినవీ అన్నీ ఇందులో వేసి ఒకదానికొకటి ముడేసుకో, ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాయి అని చెప్పి. ఈశ్వరి వేసింది, చెత్తబుట్టలో వేసినంత ఉదారంగా వేసింది, భావనపాడు సముద్రం దగ్గర తీసిన పడవల ఫొటోలు, ఆవకాయ కొలతలు, కాంతి పరావర్తనం పాఠం, ఎవరిదో గృహప్రవేశం తేదీ. జగదక్క అని కొట్టి వెతికింది. మోకాళ్ళ నొప్పికి నూనె కాచే పద్ధతి వచ్చింది. చెప్పింది ఆవిడే మరి, యాప్‌ని అనడానికి లేదు. ఇంకా కిందికి చూసింది, ఏమీ లేదు, పైకి చూసింది, నూనె. పక్కన అసలు మనిషి కొంగుతో మెడ తుడుచుకుంటూ, "ఫేనొకటి పనిచెయ్యదు, ఒకటి తిరిగితే సప్పుడు, ఈ బండికేటి పోయేకాలం" అంటోంది. ఎంత దగ్గరగా ఉందో. ఇంత దగ్గరగా ఉన్న మనిషిని రెండో మెదడులో వెతుక్కుంటున్నానేమిటా అని ఒక్క క్షణం సిగ్గేసింది, వెంటనే, సిగ్గు తర్వాత, ముందు నాలుగు ముక్కలు దొరకాలి అనుకుని రెండో మెదడుని తీసేసింది. ఉన్న మొదటిది కాస్త తేలికైనట్టే ఉంది.

గీతల యాప్ ఉంది. నడిమధ్య ఒక గుండ్రం, గుండ్రంలో 'జగదక్క', దాంట్లోంచి నలువైపులా గీతలు, గీత చివర గుండ్రం, అందులో 'బాల్యం', ఇంకో దాంట్లో 'ఉద్యోగం', ఇంకో దాంట్లో 'వ్యక్తిత్వం', ఒక్కో గుండ్రానికి ఒక్కో రంగు. రంగులు ఎంచడానికి ఒక ఆదివారం పట్టింది, అన్నం పొయ్యి మీద మాడింది, ఆ సంగతి గుర్తుంది. గుండ్రాల లోపల ఏమీ లేదు. జగదక్క బాల్యం గురించి ఈశ్వరికి ఏం తెలుసు, నెల్లిమర్ల అవతల ఊళ్ళో గోగు కోసే వాళ్ళనీ, నాన్న ఈవిడని సైకిలెక్కించుకుని బడికి దింపేవాడనీ, అంతే, అదైనా ఎప్పుడో సిగడాం దగ్గర బండి ఆగిపోయిన రోజున చెప్పింది, అది కూడా గుండ్రంలో వేయలేదు. తీసేసింది. పక్కన మార్కుల యాప్. రాతకి పేరు పెడితే అది ఎంత బాగుందో మార్కులు వేస్తుంది. 'జగదీశ్వరి, ఒక రైలు బంధం' అని పెడితే ముప్ఫై అయిదు వేసింది, అత్తెసరు పాసు. పిల్లలకి మార్కులు వేసే తనకి ఒక యాప్ మార్కులు వేయడమా అని పౌరుషమొచ్చి, పేరు మార్చి, మార్చి, ఎనభై దాకా తెచ్చి గాని వదల్లేదు. ఎనభై మార్కుల పేరు ఇదిగో ఇక్కడే ఉంది, భద్రంగా. దాని కింద రాత లేదు. ఎక్కడ పోయింది రాత.

గరివిడి. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, నేరేడు పళ్ళ తట్ట ఒకటి మోకాళ్ళకి తగిలింది, కాలు అటు జరిపింది. చెట్టు యాప్‌లో చూడాలి. రాయడానికి కూర్చున్నప్పుడు ఇందులో విత్తనం వేయాలి, ఫోను ముట్టుకోకుండా రాసుకుంటే చెట్టు పెరుగుతుంది, ముట్టుకుంటే ఎండిపోతుంది. తెరిస్తే కళ్ళు చెదిరేంత అడవి. ఎలా పెరగదు, విత్తనం వేసి ఫోను బీరువాలో పెట్టి మధ్యాహ్నం పడుకునేది కదా. ఆమె నిద్రపోతుంటే చెట్లు పెరిగాయి. ఈ అడవి నరకడానికి మాత్రం చెయ్యి కొంచెం ఆగింది, ఎంతైనా పచ్చదనం, కానీ తలెత్తితే బయట నిజం పచ్చదనం కనుచూపు మేర ఉంది, దానికి ఫోను ముట్టుకున్నా ముట్టుకోకపోయినా పట్టింపు లేదు. నరికేసింది. మాటలు విని తానే టైపు చేసే యాప్ ఇంకోటి, ఈ బోగీలోనే ఒకసారి దాన్ని నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడబోతే బోగీ అంతా ఎక్కేసింది అందులో, ఎవరిదో డీఏ, ఎవరి అత్తదో బీపీ, చింతచిగురు పప్పు, కాలు తీయమ్మా, మళ్ళీ డీఏ. అది చదివి ఆ రోజు జగదక్క కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. దాన్నీ తీసేసింది. తీస్తున్నకొద్దీ, చిత్రంగా, భయం తగ్గి ఏదో సుఖంలాంటిది వస్తోంది, పరుగెత్తి వచ్చి చెప్పులు విప్పేసినట్టు. నాన్న జ్ఞాపకమొచ్చాడు. విజయనగరంలో ఫిడేలు పాఠాలు చెప్పేవాడు ఆయన, కూర్చున్నాడంటే శృతి చేసుకోడానికే చాలాసేపు పట్టేది, పిల్లలంతా మూతి మూసుకుని నవ్వుకునేవాళ్ళు, అయినా శృతి కుదిరాక ఆయన వాయించేవాడు, అదీ తేడా. తాను రెండేళ్ళుగా శృతి చేసుకుంటూనే ఉంది.

రెండేళ్ళు. ఆ మాట దగ్గర వేలు ఆగింది. బ్లాగుల యాప్‌లు మిగిలాయి, మూడు. పాతదాని అక్షరాలు బాగాలేవని రెండోది, రెండోదానికి అందం చాలదని మూడోది, మూడోదానిలో సర్దుకోవడమే సరిపోయింది, ఒక్క పోస్టూ వేయలేదు. మూడోదీ రెండోదీ తీసేసి మొదటిదాన్ని తెరిచింది. ముసలి యాప్, వెంటనే తెరుచుకుంది. అడుగున, అన్నిటికంటే అడుగున, మొట్టమొదటి పోస్టు. అప్పుడు చరిత పాలు తాగే పిల్ల. ఉద్యోగం కొత్త, అరసవల్లి దగ్గర హైస్కూలు, పొద్దున్నే పిల్లని అత్తగారి చేతిలో పెట్టి పరుగెత్తుకొచ్చి ఈ బండెక్కేది, బండి కదిలిన దగ్గర్నుంచి కళ్ళు కారుతూనే ఉండేవి, మధ్యాహ్నానికి రవికె తడిసేది, ఎవరితో చెప్పుకుంటుంది. నాలుగైదు రోజులు చూసి జగదక్క, అప్పటికింకా పేరు కూడా తెలియని పెద్దావిడ, అందరూ ఆవిడ కోసం అట్టేపెట్టే కిటికీ సీటులోంచి లేచి, "ఇటు రా, ఈ కిటికీ కాడ కూకో, నాకు గాలి పడదు" అంది. కూర్చుంది. కొన్నాళ్ళు అటు తిరిగి ఏడ్చింది. ఒకరోజు ఆవిడే, "రోజూ ఒకే ఏడుపేటే, ఇసుగు రాదా నీకు? ఏదో సదువుకున్నదానివి, రాసుకో" అంది. రాసుకుంది. మర్నాడు ఆవిడ, "ఏటి రాసినావు, సదువు" అంది. చదివింది. అలా మొదలైంది, ఏళ్ళ తరబడి, నెల్లిమర్లలో ఎక్కగానే ఏటి రాసినావు సదువు, ఈశ్వరి చదవడం, ఆవిడ కళ్ళు మూసుకుని వినడం, నచ్చితే ఊఁ అనడం, నచ్చకపోతే ఇంకెవరితోనో మాట్లాడ్డం మొదలుపెట్టడం. తర్వాత యాప్‌లు వచ్చాయి. ఏటి రాసినావు అంటే ప్లాన్ చేసుకుంటున్నానక్కా అనేది. కొన్నాళ్ళకి జగదక్క అడగడం మానేసింది. ఎప్పుడు మానేసిందో కూడా ఈశ్వరికి గుర్తు లేదు.

ఇక ఒక్కటే మిగిలింది, అలవాట్ల యాప్. అందులో రాయరుగా ఎవరూ, రాశానని టిక్కు పెట్టుకుంటారంతే. 'జగదక్క గురించి రోజూ కాసేపు.' నెలంతా టిక్కులే, ఒక్క రోజు కూడా ఖాళీ లేదు, పైన నిప్పు బొమ్మ మండుతోంది, శభాష్ ఈశ్వరీ అని. చూసింది. చూస్తూ ఉంటే ఒక్కొక్క టిక్కూ విడివిడిగా గుర్తొచ్చింది. ఇది పేరుకి మార్కులు తెచ్చుకున్న రోజు. ఇది గుండ్రాలకి రంగులు వేసిన రోజు. ఇది అక్షరాల తీరు ఎంచిన రోజు, ఇది మరో తీరుకి మార్చిన రోజు. ఇది కొత్త యాప్ దించుకున్న రోజు, అది కూడా జగదక్క పనే కదా అని టిక్కు పెట్టుకుంది. పెట్టుకుని హాయిగా ఉంది ఆ రోజంతా, రాసినట్టే ఉంది, రాసినవాళ్ళకి ఉండే అలసట కూడా ఉంది. ఎక్కడో రాశానన్న నమ్మకం ఇక్కడ పుట్టిందన్నమాట. రాయలేదు. ఎక్కడా రాయలేదు. ఒక్క వాక్యం రాయలేదు. బండి మెల్లగా అవుతోంది. ఆ నిప్పు బొమ్మని నొక్కిపట్టి, తొలగించమంటారా అని అడిగితే తొలగించమని, తల ఎత్తేసరికి చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీద రేఖ దండతో సహా పరుగెత్తుకొస్తోంది.

ఆ తర్వాత కాసేపు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. దండ పడింది, పొందూరు చీర ఒకటి ఒళ్ళో పడింది, గిన్నెల మూతలు లేచాయి, పులిహోర, గుమ్మడికాయ బెల్లం కూర, చేగోడీలు, ఎవరో తెచ్చిన వంకాయ కూరని జగదక్క వేలితో నాకి, "ఉప్పు సాల్లేదు" అని తేల్చింది, తెచ్చినావిడ మురిసిపోయింది. ఆఖరి రోజు ఆవిడ కిటికీ పక్కనే కూర్చోవాలని రేఖ పట్టుబట్టింది. ఈశ్వరి లేచింది, జగదక్క జరిగింది. జరిగి, చెయ్యి కడుక్కున్న తడితోనే కిటికీ ఊచ పట్టుకుని మొహం అటు పెట్టింది. గాలి కొట్టింది. ఆవిడ కళ్ళు మూసుకోలేదు, తల వెనక్కి తీయలేదు, ఇంకాస్త ముందుకి వంగింది, కనకాంబరాలు ఒకటొకటే ఊడి చీర మీద పడుతుంటే దులుపుకోలేదు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఎవరూ చూడటం లేదనుకున్న చిన్నపిల్లలా ఉంది. గాలి పడదన్న మనిషి. ఈశ్వరి నిలబడే ఉంది. అంటే ఇన్నేళ్ళూ. అంటే ఆవిడకి. అప్పుడే రేఖ చప్పట్లు కొట్టి, "ఇంక ఈశ్వరక్కా, సదువు" అంది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. జగదక్క ఇటు తిరిగింది, కొంగు నిండుగా కప్పుకుంది, ఫొటో తీస్తున్నట్టు.

"రాయలేదక్కా" అంది ఈశ్వరి.

జగదక్క మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళు ఒకసారి ఒళ్ళోని చీర మీదికీ, ఒకసారి చేతుల మీదికీ పోయాయి. "పోనీలే" అంది. ఈ బోగీలో ఎవరి కాలూ ఎవరి సంచీ పోనివ్వని మనిషి, టీసీనైనా వదలని మనిషి, పోనీలే అంది. తిట్టినా బాగుండును. రేఖ ఏదో అనబోతే జగదక్కే చెయ్యెత్తి ఆపి, సంచీలోంచి కొత్త ఫోను ఒకటి తీసింది. "మా వోడు కొన్నాడు. ఇందులో నాకేటీ ఒద్దు, నీదొక్కటి ఎట్టు. ఆ రాతలు ఉన్నాయి కదా నీవి. రేపట్నించి నువ్వు సదివి ఇనిపించవు కదేటి, నాను కళ్ళజోడెట్టుకుని సదువుకుంటాను." ఈశ్వరి ఫోను అందుకుంది. ఖాళీగా ఉంది తెర, నున్నగా, పైన ఒక పక్షి బొమ్మ. తన బ్లాగు తెరిచి, ముందు పేజీ మీద ఒక్క గుర్తుగా నిలబెట్టి, చేతికిచ్చింది. జగదక్క కళ్ళజోడు పెట్టుకుని వేలితో తాకింది, కొంచెం చదివింది, తలెత్తింది.

"ఇది ఇన్నదే. కొత్తదేది?"

అడిగింది. ఇన్నాళ్ళ తర్వాత అడిగింది. ఈశ్వరి నిలబడిన చోటే సీటుకి ఆనుకుని తన ఫోను తీసింది. వెతకడానికి ఏమీ లేదు, ఒక్కటే ఉంది, అది తెరిచింది. పేరు పెట్టలేదు. వేళ్ళు మొదలుపెట్టాయి. సిగడాం వచ్చింది, పొందూరు వచ్చింది, దిగేవాళ్ళు దిగారు, రేఖ చేగోడీ నోట్లో పెడితే నమిలింది, ఏం తింటోందో తెలియలేదు. ఒకచోట ఆగి కొట్టేసింది, మళ్ళీ అదే రాసింది. చివరికి పంపు అని నొక్కితే చక్రం తిరిగింది, ఈ చుట్టుపక్కల సిగ్నలుండదు, తిరుగుతూనే ఉంది, దూసి స్టేషన్లో బండి ఆగినప్పుడు గాని వెళ్ళలేదు. వెళ్ళింది. "కొత్తది వచ్చిందక్కా, చూడు" అంది. చదివి వినిపించమని ఎవరో అన్నారు. జగదక్క ఒద్దంది, "నాను సదువుతాను" అంది. పెదాలు కదులుతూ చదివింది.

'మా బోగీలో జగదక్క అని ఒకావిడ ఉంది. తనకి గాలి పడదని చెప్పి కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టింది. అప్పుడు నేను పాలిచ్చే తల్లిని, పిల్లని వదిలి వచ్చేదాన్ని, ఏడుపొస్తే మొహం తిప్పుకోడానికి నాకొక దిక్కు కావాలి. ఆ దిక్కు ఆవిడ ఇచ్చింది. నా పిల్ల పెద్దదైంది, నా ఏడుపు ఆగింది, సీటు మాత్రం నేను తిరిగివ్వలేదు, ఆవిడ అడగలేదు. ఈవేళ చీపురుపల్లి దాటాక ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. ఆవిడకి గాలంటే ఎంత ఇష్టమో నేను చూశాను. మిగతావాళ్ళు పులిహోర తింటున్నారు. రేపటి నుంచి నేను అక్కడ కూర్చోను. ఏడ్చే పిల్ల ఎవరైనా ఎక్కితే నాకు గాలి పడదని చెబుతాను.'

బండి నాగావళి వంతెన మీదికి ఎక్కింది, చప్పుడు మారింది, వాన నీళ్ళతో ఏరు ఎర్రగా, నిండుగా పోతోంది. జగదక్క చదివేసిందని తెలుస్తోంది, పెదాలు ఆగిపోయాయి, అయినా తల ఎత్తలేదు, వేలితో పైకి తోసి మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఈశ్వరికి ఇంత సంతోషం కలిగి ఎన్నాళ్ళయిందో, దిగడానికి సంచీలు సర్దుకుంటున్న వాళ్ళు తోస్తున్నా కదలకుండా ఆవిడ మొహమే చూస్తోంది. వంతెన దాటింది. శ్రీకాకుళం వాళ్ళు దిగాల్సిన ఆముదాలవలస సిగ్నలు దగ్గర బండి కూత వేసింది. జగదక్క కళ్ళజోడు తీసి, ఏదో అనబోయి, కొంగుతో మొహమంతా ఒకసారి తుడుచుకుని అప్పుడు అంది.

"సిన్నదైపోనాదే. నాను ఒక్క ఇడ్లీ తినేలోగా అయిపోతాది. రేపు పెద్దది రాయి."